హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకు, చేతిలో నెలకు 1500: హైదరాబాద్‌లో నాటకాలు, సినిమాలు, బొమ్మలు ఎలా చూడాలి?

నారాయణగూడ_ముగ్గురు

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం డిగ్రీ మొదటి సంవత్సరం, నారాయణగూడలో హాస్టల్. గేటు రాత్రి 9:30కి వేసేస్తారు. దాటితే వార్డెన్ నేరుగా ఇంటికే ఫోన్ చేస్తాడు. సరదాలకు మనిషికి నెలకు 1500 రూపాయలు, దారి ఖర్చులూ అందులోనే. మాలో ఒకడికి నాటకాల పిచ్చి, ఒకడు ఎప్పుడూ నోట్‌బుక్ వెనక బొమ్మలు గీస్తుంటాడు, నాకు సినిమాలూ స్టాండప్పూ.

మాల్‌లో తిరిగి ఫుడ్‌కోర్టులో డబ్బు వదిలించుకుని రావడం తప్ప ఇంకేం చేయొచ్చో చెప్పండి. ఏ రోజు ఎక్కడ ఏం జరుగుతుందో ముందుగా ఎలా తెలుస్తుంది? టికెట్ లేని కార్యక్రమాలకు మాలాంటి వాళ్లు ఊరికే వెళ్లి కూర్చోవచ్చా? సినిమా ఖర్చు తగ్గించే దారి ఏమైనా ఉందా? చార్మినార్, ట్యాంక్‌బండ్ మాత్రం చెప్పకండి, అవి వచ్చిన వారంలోనే అయిపోయాయి.

మూడో_గంట

తమ్ముడూ, మీకు డబ్బుకంటే గేటే పెద్ద చిక్కు. ముందు ఆ లెక్క చూద్దాం.

ఆహ్వానపత్రంలో "సాయంత్రం 6 గంటలకు" అని ఉంటే 6కి తెర లేస్తుందనుకోవద్దు. జ్యోతి ప్రజ్వలన ఉంటుంది, వేదిక మీద ఏడెనిమిది మంది అతిథులుంటారు, ఒక్కొక్కరికి శాలువా, జ్ఞాపిక, ఆపైన ఒక్కొక్కరి "రెండే రెండు మాటలు". అవన్నీ అయ్యేసరికి 7:15. అందుకని పత్రంలో ఒక్క ముక్క వెతకండి. "సభానంతరం నాటక ప్రదర్శన" అని ఉంటే రాసిన సమయానికి గంట కలుపుకోండి. "ప్రదర్శన, అనంతరం సభ" అని ఉంటే మీ పంట పండినట్టే, నాటకం చూసి సభ మొదలయ్యేలోపు లేచిపోవచ్చు. నాటిక అయితే గంట లోపు ముగుస్తుంది. నాటకం రెండు గంటల దాకా పోతుంది. పద్యనాటకం అయితే ఎవరూ లెక్క కట్టలేరు. మంచి రాగం పడితే వెనక నుంచి వన్స్‌మోర్ అంటారు, నటుడు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. గేటు ఉన్నవాళ్లు పద్యనాటకాన్ని పగటిపూట పోటీల్లోనే చూడాలి. నాటక పరిషత్తులు పెట్టే పోటీల్లో వరసగా జట్లు ఎక్కాలి కాబట్టి సమయం మీద కాస్త పట్టింపు ఉంటుంది, పైగా ఒకే రోజు మూడు నాలుగు నాటికలు దొరుకుతాయి.

మీకు అన్నిటికంటే దగ్గరిది చిక్కడపల్లి త్యాగరాయ గానసభ. నారాయణగూడ నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్. ఓపిక ఉంటే నడకే. పాట కచేరీలు, నృత్యం, నాటికలు, పుస్తకావిష్కరణలు ఏడాది పొడుగునా నడుస్తాయి, ఎక్కువ వాటికి ప్రవేశం ఉచితం. "ఊరికే వెళ్లి కూర్చోవచ్చా" అన్నారు కదా, నిక్షేపంగా కూర్చోవచ్చు. నిర్వాహకులకు కావాల్సింది నిండిన కుర్చీలే. ఒక మర్యాద మాత్రం పాటించండి. మొదటి రెండు మూడు వరసలు అతిథులవి, అక్కడ కూర్చుని మధ్యలో లేస్తే అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి. నడవా పక్కన, వెనక తలుపుకు దగ్గరగా కూర్చుంటే 8:45కి చప్పుడు లేకుండా జారుకోవచ్చు.

రవీంద్రభారతి పెద్ద వేదిక. ఠాగూర్ శతజయంతి సందర్భంగా కట్టింది. మెట్రోలో వెళ్లాలంటే మీరు ఎంజీబీఎస్‌లో రైలు మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగాలి, అది చుట్టుతిరుగుడు. నారాయణగూడ నుంచి హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్ మీదుగా బస్సులోనో, ముగ్గురు కలిసి ఆటోలోనో పోవడమే తేలిక. అక్కడ పెద్ద హాలుతో పాటు పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ అని చిన్న హాలుంది. భాషా సాంస్కృతిక శాఖ వాళ్లు కొత్త దర్శకుల షార్ట్‌ఫిల్ములు "సినివారం" పేరుతో శనివారాల్లో వేసింది అక్కడే. చిన్న హాలు కాబట్టి 20 నిమిషాల ముందు వెళ్లకపోతే గోడకు ఆనుకుని నిలబడాలి. ఆ వారం ఉందో లేదో బయలుదేరే ముందు శాఖ పేజీలో చూసుకోండి.

మూడోది లామకాన్. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 నుంచి లోపలికి. ఒకప్పుడు అది ఓ ఇల్లు, 2010 నుంచి అందరికీ తెరిచిన సాంస్కృతిక స్థలం. బండరాళ్ల పక్కన ఆరుబయట వేదిక, చుట్టూ మెట్ల మీద కూర్చోవడం. ఉర్దూ కవిత్వం, హిందీ, తెలుగు, ఇంగ్లిషు నాటకాలు, డాక్యుమెంటరీలు, చర్చలు. చాలావరకు ఉచితం, కొన్ని నాటకాలకు టికెట్ ఉంటుంది. క్యాంటీన్‌లో చాయ్, సమోసా విద్యార్థి జేబుకు అందే ధరే, మనమే తెచ్చుకుని మనమే తీసెయ్యాలి. సోమవారం సెలవు, ఇది గోడ మీద రాసి పెట్టుకోండి. దగ్గరి మెట్రో ఇర్రమ్ మంజిల్, అక్కణ్నుంచి ఆటో. 7:30కి మొదలయ్యే నాటకం మీ గేటుకు సరిపోదు. అక్కడ వారాంతంలో పగలు, సాయంత్రం పెందలాడే జరిగేవి ఎంచుకోండి.

ఎక్కడేం జరుగుతుందో తెలియడానికి సులువైన దారి తెలుగు దినపత్రికల హైదరాబాద్ పేజీల్లో వచ్చే "నగరంలో నేడు". హాస్టల్‌కు పేపరు వస్తుంది కదా, పొద్దున అది చూడండి. రెండోది గానసభ, రవీంద్రభారతి గేటు దగ్గర కట్టే బ్యానర్లు. రాబోయే వారం సంగతి వాటిలోనే తెలుస్తుంది. ఆన్‌లైన్ టికెట్ యాప్‌లలో ఉచిత సభలు దాదాపు కనిపించవు. యాప్ చూసి "ఊళ్లో ఏమీ లేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

సురభి వాళ్ల ప్రదర్శన ఎక్కడ పడినా వదలకండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటక సమాజం అది. తెర మీద కాదు, కళ్లముందే మాయలు చేస్తారు. వాళ్ల నాటకానికి మాత్రం మధ్య వరసలే మంచివి. మరీ ముందు కూర్చుంటే ఆ మాయలకు వాడే తీగలు కనిపిస్తాయి. అవి చూడాలనుకుంటే అదీ ఒక సరదాయే అనుకోండి.

మ్యాట్నీ_మాత్రమే

సినిమా సంగతి నేను చెప్తాను. ధరలు ఎలా తయారవుతాయో తెలిస్తే ఎక్కడ తగ్గించుకోవాలో మీకే అర్థమవుతుంది.

తెలంగాణలో 2021 డిసెంబరు జీవో ప్రకారం ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ 50 నుంచి 150, మల్టీప్లెక్స్‌లో 100 నుంచి 250, దాని మీద జీఎస్టీ. 100 దాటిన టికెట్‌కు 18 శాతం. అందుకే మల్టీప్లెక్స్ మామూలు సీటు 295, సింగిల్ స్క్రీన్ బాల్కనీ 177. 100 లోపు టికెట్‌కు 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అంటే 100 టికెట్ 105కే వస్తుంది. ఈ గీత దగ్గరే మీ లాభం ఉంది.

ఆన్‌లైన్‌లో కొంటే టికెట్‌కు ఇంతని కన్వీనియెన్స్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ. ముగ్గురికి కలిపితే ఒక పూట టిఫిన్లు పోయినట్టే. మీకు రెండు స్టేషన్ల దూరంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఉంది. సంధ్య, దేవి, సుదర్శన్ అన్నీ అక్కడే. విడుదలైన రెండో వారం నుంచి కౌంటర్ దగ్గరికే వెళ్లండి. మామూలు రోజుల్లో మ్యాట్నీకి అరగంట ముందు వెళితే చాలు. కింది తరగతి టికెట్లు చాలాసార్లు యాప్‌లో కనబడవు, కౌంటర్లోనే అమ్ముతారు. మొదటి వారం పెద్ద హీరో సినిమాకు వెళ్లొద్దని చెప్పను, అది వేరే పండగ. కాకపోతే ప్రభుత్వం అనుమతిస్తే ఆ రోజుల్లో ధరలు పై లెక్కను దాటిపోతాయి. విడుదలకు ముందు వచ్చే జీవో చదివి, పెంపు ఎన్ని రోజులో చూసుకుని, ఆ మరుసటి రోజుకు పెట్టుకోండి.

ఇప్పుడు మీ గేటు. ఫస్ట్ షో 6:30 అనుకోండి. సినిమా 2 గంటల 45 నిమిషాలు, ఇంటర్వెల్, ప్రకటనలు కలిపి మరో 20. బయటికి వచ్చేసరికి 9:35. కాబట్టి మీకు ఫస్ట్ షో లేనట్టే. మార్నింగ్ షో, మ్యాట్నీ రెండే మీవి. నిడివి రెండుంపావు గంటల లోపు అని టికెట్ పేజీలో ఉంటే మాత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరకు ఫస్ట్ షో సాహసం చేయొచ్చు.

ఐమాక్స్ అని జనం ఇప్పటికీ పిలిచే ప్రసాద్స్ మల్టీప్లెక్స్‌లో ఇప్పుడున్నది ఐమాక్స్ కాదు, పీసీఎక్స్ అనే సొంత పెద్ద తెర. వెడల్పు నూరడుగులు దాటుతుంది. అక్కడ ముందు వరసలు దొరికాయని సంబరపడి కొనకండి, మెడ పట్టేస్తుంది, తెర రెండు చివర్లూ ఒకేసారి కంటికి ఆనవు. ఆ తెరకు వెనక మూడో వంతు, మధ్యలో కూర్చోవాలి. అలా దొరక్కపోతే మామూలు స్క్రీన్‌లో చూడటమే మేలు.

తెలుగు, హిందీ, ఇంగ్లిషు దాటి చూడాలనిపిస్తే ఫిల్మ్ క్లబ్బులున్నాయి. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ చాలా పాతది, అమీర్‌పేట సారథి స్టూడియోలో ప్రదర్శనలు వేస్తూ వచ్చింది. ఏడాది సభ్యత్వం తీసుకుంటే టికెట్ల లెక్క ఉండదు. చేరే ముందు ప్రదర్శనలు ఎన్నింటికి మొదలవుతాయో అడగండి, ఎక్కువగా సాయంత్రాలే. అలియాన్స్ ఫ్రాంసేజ్, గోథె సెంట్రమ్ కూడా తమ భాషల సినిమాలు ఉచితంగా వేస్తుంటాయి. ఫ్రెంచి, జర్మన్ రానక్కర్లేదు, కింద ఇంగ్లిషు అక్షరాలు పడతాయి.

నాలుగుబీ_పెన్సిల్

బొమ్మలు గీసే అబ్బాయి కోసం.

ముందు సెలవులు తెలుసుకోండి, దారి ఖర్చు దండగయ్యేది ఇక్కడే. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం మూడూ శుక్రవారం మూసి ఉంటాయి. "ఆదివారం తెరుస్తారు కాబట్టి సోమవారం సెలవేమో" అని మిగతా ఊళ్ల లెక్కన ఊహించుకోవద్దు.

సాలార్‌జంగ్ పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకు. మధ్యాహ్నం 3 దాటాక వెళ్లడం టికెట్ వృథా. నలభైకి దగ్గరగా గ్యాలరీలు, మూడు భవనాలు. ఒకే రోజు అన్నీ చూద్దామనుకున్నవాళ్లు మూడో గంటకల్లా బెంచీ వెతుక్కుంటారు. మొదటిసారి మధ్య భవనం ఒక్కటే చూడండి, పాశ్చాత్య భవనం ఇంకో నెలకు పెట్టుకోండి. గంట కొట్టే గడియారం దగ్గర ప్రతి గంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి మోగిస్తుంది. 12కి పన్నెండు దెబ్బలు కాబట్టి అప్పుడే జనం పోటెత్తుతారు. అదే 11కి చూస్తే చాలు, ఒక్క దెబ్బే తేడా. 12కి అందరూ అక్కడ ఉంటారు గనక మిగతా గదులు ఖాళీగా దొరికేది ఆ పదిహేను నిమిషాలే. గీసేవాళ్లకు అదే ముహూర్తం.

ముసుగు రెబెక్కా శిల్పం ముందు నిలబడి గీయడం కుదరదు, ఫొటోల వాళ్లు వరస కట్టి ఉంటారు. 1876లో ఇటలీ శిల్పి బెంజోని చెక్కింది అది. చలువరాయి పల్చటి ముసుగులా కనిపించడం ఎలా సాధించాడో దగ్గరికి వెళ్లి చూడండి. ముఖం మీద మడతలు అంచుల్లోనే తేలి ఉంటాయి, ముక్కు, పెదవుల మీద దాదాపు అంటుకుని ఉంటాయి. ఆ గమనిక హాస్టల్‌కు వచ్చాక గీసినా పనికొస్తుంది. అభ్యాసానికి ఫౌస్ట్ కథలోని దయ్యం మెఫిస్టోఫిలిస్, అదే కథలోని అమ్మాయి మార్గరెట్టా ఉన్న కొయ్య శిల్పం మంచిది. ఒకే కొయ్యలో ముందు అతను, వెనక ఆమె. వెనక అద్దం పెట్టారు కనుక నిలబడిన చోటి నుంచే రెండు భంగిమలూ దొరుకుతాయి. అతను ఛాతీ విరుచుకుని, ఆమె తల వంచుకుని ఉంటుంది. రెండు గీతల్లో స్వభావం ఎలా మారుతుందో చేతికి తెలియడానికి ఇంతకంటే మంచి పాఠం ఈ ఊళ్లో లేదని నా అభిప్రాయం.

వెంట అరచేతికి రెండింతలున్న స్కెచ్‌బుక్, హెచ్‌బీ, 4బీ పెన్సిళ్లు, మెత్తటి రబ్బరు. రంగులు, సిరా, నీళ్ల సీసా లోపలికి వద్దు. కాపలా వాళ్లు ఆపేది వాటి గురించే. బరువైన సంచి బయట అప్పగించాలి. దారికి అడ్డం లేకుండా గోడవారగా నిలబడి, మొదలుపెట్టే ముందు అక్కడున్న సిబ్బందిని ఒక మాట అడిగితే గొడవ ఉండదు. కాలేజీ ఐడీ కార్డు తీసుకెళ్లి టికెట్ కౌంటర్లో ముందే చూపించండి, టికెట్ కొన్నాక చూపిస్తే ప్రయోజనం ఉండదు.

స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ కోసం అందరూ వెళతారు. గీసేవాళ్లు మాత్రం అజంతా గ్యాలరీకి వెళ్లాలి. అజంతా కుడ్యచిత్రాల ప్రతులు అక్కడున్నాయి. కన్నూ, చేతివేళ్లూ గీసిన తీరు ఒక మధ్యాహ్నం కూర్చుని నకలు చేసుకోండి.

కొత్త బొమ్మలకు మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, బంజారాహిల్స్‌లో కళాకృతి. ప్రైవేటు గ్యాలరీ అద్దాల తలుపు చూసి కుర్రాళ్లు జంకుతారు. తలుపు తోసి వెళ్లడమే, ఎవరూ కొనమనరు. రిజిస్టర్‌లో పేరు రాయండి, ఫొటో తీసే ముందు అడగండి. ప్రదర్శన ప్రారంభమయ్యే సాయంత్రం వెళితే చిత్రకారులు అక్కడే ఉంటారు, ఏ కాగితం, ఏ రంగు అని అడిగితే విసుక్కోకుండా చెప్తారు. ఇండియన్ ఫొటో ఫెస్టివల్ 2015 నుంచి హైదరాబాద్‌లో జరుగుతోంది, నవంబరులో మొదలవుతుంది, ప్రదర్శనకు టికెట్ లేదు. మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో విద్యార్థుల ప్రదర్శన పెట్టినప్పుడు తప్పక వెళ్లండి, మీ వయసువాళ్లు ఏం చేస్తున్నారో అక్కడ కనిపిస్తుంది.

నారాయణగూడ నుంచి మాదాపూర్ పరేడ్ గ్రౌండ్స్‌లో రైలు మారి వెళ్లాలి, ఒక వైపుకే గంట వేసుకోండి. అంత దూరం ఒక్క గ్యాలరీ కోసం పోకండి. శిల్పారామం కలిపి పెట్టుకోండి. వారాంతాల్లో అక్కడి యాంఫీథియేటర్‌లో సాయంత్రం కూచిపూడి, భరతనాట్యం ఉంటాయి. ప్రవేశ టికెట్ కొంటే చాలు, నృత్యానికి వేరే ఇవ్వక్కర్లేదు. 7:30కి లేస్తే గేటుకు నిదానంగా చేరతారు.

ఆబిడ్స్_ఆదివారం

అందరు మంచిగ చెప్పిన్రు గని ఆదివారం పుస్తకాల సంగతి ఎవ్వరు రాయలే. నారాయణగూడ నుంచి ఆబిడ్స్‌కు నడుసుకుంట పోవచ్చు. ఆదివారం దుకాణాలు బంద్ ఉంటయి, ఆ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరుస్తరు. 11 దాటినంక పోతే అందరు పరిచి ఉంటరు. కొనే ముందు మూడు చూడుండ్రి. మొదలు, చివర పేజీలు ఉన్నయా, మధ్యల కుట్టు ఊడిందా, అచ్చు మసకగ ఉందా. మసకగ ఉంటే అది పాత పుస్తకం కాదు, దొంగ ప్రింటు. గసుంటిదానికి సగం ధర గూడ దండగనే. చెప్పిన ధరకు సగం అడుగుండ్రి, రెండడుగులు ముందుకు నడుసుండ్రి, పిలుస్తరు. వానకాలంల మొగులు పట్టిందంటే పోకుండ్రి, పట్టాలు కప్పేస్తరు.

జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాక నాంపల్లిల నుమాయిష్, అదే పెద్ద ఎగ్జిబిషన్. 1938 సంది నడుస్తున్నది. గాంధీభవన్ మెట్రోల దిగితె దగ్గర. మొదటి వారం పోతే సగం స్టాళ్లు ఇంక మేకులు కొట్టుకుంటనే ఉంటయి. సంక్రాంతి దాటినంక, అది గూడ మంగళ, బుధవారాలల్ల పోవాలె. శని, ఆదివారాలు లోపల నడిచెటందుకు జాగ ఉండదు. డిసెంబర్ల ఇందిరాపార్కు పక్కన స్టేడియంల బుక్ ఫెయిర్. ఆఖరి రెండు రోజులు తగ్గింపు ఎక్కువ, కాకపోతె మంచియి అప్పటికి అయిపోతయి. జనవరి ఆఖర్ల హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్, ప్రవేశం ఉచితం, పొద్దుగాల నుంచే ఉంటది, మీ గేటుతోటి పంచాయితి లేదు.

మెట్రో టికెట్ 11 నుంచి 69 రూపాయలు, రెండు మూడు స్టేషన్లకైతే నడకో బస్సో. మీ జట్టుల ఆడపిల్లలుంటె సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ. గని జీరో టికెట్ అడిగి తీసుకోవాలె, తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు చూపియ్యాలె. ఆంధ్ర అడ్రస్ ఆధార్ ఉన్నోళ్లు టికెట్ కొనుక్కోవాల్సిందే.

నారాయణగూడ_ముగ్గురు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ దండాలు. ఇంకో రెండు అడుగుతాను. స్టాండప్‌కు పబ్‌లలో పెట్టే షోలకు మాకు 18 ఏళ్లే, రానిస్తారా? ఇంకోటి, చూడటమే కాకుండా మేమూ ఎక్కాలంటే? నేను ఓపెన్‌మైక్ చేద్దామనుకుంటున్నాను. మా నాటకాలవాడు షార్ట్‌ఫిల్ము ఒకటి తీసి పెట్టాడు.

అయిదు_నిమిషాలు

పబ్ విషయం తేలిక. తెలంగాణలో మద్యానికి చట్టపరమైన వయసు 21, కాబట్టి చాలా చోట్ల ద్వారం దగ్గరే ఐడీ అడుగుతారు. మీరు తాగరన్న సంగతి వాళ్లకు అనవసరం. టికెట్ పేజీలో వయసు గడి చూడకుండా కొంటే డబ్బు వెనక్కి రాదు. కేఫ్‌లు, స్టూడియో హాళ్లు, లామకాన్ లాంటి చోట్ల జరిగేవే ఎంచుకోండి. కొత్తవాళ్లు ఎక్కే ఓపెన్‌మైక్ టికెట్ పేరున్నవాళ్ల షో కంటే బాగా చౌక. పదిమందిలో ఇద్దరు ముగ్గురు బాగుంటారు, ఆ లెక్కతోనే వెళ్లాలి.

పెద్ద కచేరీల టికెట్లు ఇన్‌స్టాలో "అర్జంట్‌గా అమ్ముతున్నా" అనేవాళ్ల దగ్గర క్యూఆర్ స్క్రీన్‌షాట్ కొనకండి. ఒకే క్యూఆర్‌ను పదిమందికి పంపొచ్చు, గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాడే లోపలికి. యాప్‌లోనే టికెట్ మీ నంబరుకు బదిలీ అయితేనే డబ్బు ఇవ్వండి.

ఇక ఎక్కడం. ముందు రెండు ఓపెన్‌మైక్‌లు ప్రేక్షకుడిగా చూడండి. నమోదు ఫారం నిర్వాహకుల పేజీలో రెండు మూడు రోజుల ముందు పెడతారు, గంటల్లో నిండిపోతుంది. తెలుగులో చేస్తానని ముందే రాయండి, అన్ని చోట్లా తెలుగు ప్రేక్షకులు ఉండరు. కొత్తవాళ్లకు 4, 5 నిమిషాలు ఇస్తారు. వెనక నుంచి దీపం చూపిస్తే ఒక నిమిషం మిగిలిందని అర్థం. అప్పుడు కొత్త విషయం ఎత్తుకోకుండా ముగింపు జోక్‌కు దూకాలి. అందుకని ముగింపును విడిగా, ఎక్కడి నుంచైనా అందుకునేలా తయారుచేసుకోండి. ఇంట్లో గడియారం పెట్టుకుని చెప్పినప్పుడు 4 నిమిషాలు వస్తే వేదిక మీద నవ్వులు పడితే 5, పడకపోతే 3. అయిదుకు సరిగ్గా కొలిచి తెచ్చినవాళ్లే సమయం దాటేస్తారు.

మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, గడ్డం వైపు కొంచెం దించి పట్టుకోండి. జాలీని గుప్పిట్లో మూస్తే గొంతు బోలుగా వస్తుంది, ఒక్కోసారి కీచుమంటుంది. స్టాండు పక్కకు జరిపేయండి, లేకపోతే దాని వెనక దాక్కున్నట్టుంటుంది. ఫోన్ చూసి చదవాల్సి వస్తే ఆటోలాక్ తీసేయండి. మధ్యలో తెర ఆరిపోయి, పాస్‌వర్డ్ కొడుతూ నిలబడటం ఓపెన్‌మైక్‌లో ప్రతివారం కనిపించే దృశ్యం.

షార్ట్‌ఫిల్ము వాళ్లకు కొన్ని సాంకేతిక సంగతులు. ప్రదర్శనకు ఇచ్చేటప్పుడు ఫుల్ హెచ్‌డీ, హెచ్ 264 కోడెక్, ఎంపీ4 ఫైలు. ఇది దాదాపు ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి. ఇంకో పెన్‌డ్రైవ్‌లో నకలు, ల్యాప్‌టాప్‌లో మూడోది. ఇయర్‌ఫోన్‌లో కలిపిన శబ్దం హాల్లో తేలిపోతుంది. సంగీతం మోగిపోయి మాటలు మునిగిపోతాయి. కనీసం ఒకసారి పెద్ద స్పీకర్లలో, గది వెనక నిలబడి వినండి. మాట అర్థం కాకపోతే సంగీతం తగ్గించాలి, మాట పెంచితే పగులుతుంది. సినిమా పాట వాడొద్దు. యూట్యూబ్‌లో ఎక్కించగానే హక్కుదారుల క్లెయిమ్ పడుతుంది, పోటీల్లో మొదటి వడపోతలోనే తీసేస్తారు. తెలుగు మాటలున్నా ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టండి, బయటి పోటీలకు అవి లేకపోతే తీసుకోరు.

మూడో_గంట

పైదానికి చిన్న చేర్పు. నాటకాలవాడు నటించాలనుకుంటే నేరుగా వేషం అడగొద్దు. నగరంలో నాటక బృందాలకు ఎప్పుడూ తక్కువయ్యేది తెర వెనక మనుషులే. రెండు నెలలు సామాను మోసి, లైట్లు ఎప్పుడు మార్చాలో రాసుకుని, రిహార్సల్‌కు సమయానికి వచ్చేవాడికి మూడో నాటకంలో చిన్న వేషమైనా దొరుకుతుంది. రిహార్సల్స్ ఎక్కువగా రాత్రి 7 నుంచి 10, ఉద్యోగస్తుల సౌకర్యం కోసం. చేరే ముందే గేటు సంగతి చెప్పండి, ఆదివారం పగలు చేసే బృందాలూ ఉన్నాయి. ప్రదర్శన వారంలో మాత్రం వార్డెన్‌కు బృందం లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇప్పించుకోవాలి. నోటిమాటగా అడిగితే ఒప్పుకోరు.

సంగీతం నేర్చుకోవాలని ఎవరికైనా ఉంటే మీ పక్కనే రామకోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, కూచిపూడి. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. ఫీజు ప్రైవేటు క్లాసులతో పోలిస్తే నామమాత్రం, తరగతులు సాయంత్రం పూట. ప్రవేశాల ప్రకటన విద్యాసంవత్సరం మొదట్లోనే వస్తుంది. ఆ వారం తప్పితే మళ్లీ ఏడాదే.

నారాయణగూడ_ముగ్గురు

ఈ నెల లెక్క వేశాం. సింగిల్ స్క్రీన్ మ్యాట్నీ ఒకటి 177, ప్రసాద్స్‌లో ఒకటి 295, గానసభకు రెండు సాయంత్రాలు, లామకాన్ ఒకటి. వచ్చే ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో పుస్తకాలు కొనుక్కుని, అటునుంచి అటే సాలార్‌జంగ్. సరేనా?

నాలుగుబీ_పెన్సిల్

ఆదివారం వరస తిరగేయండి. పుస్తకాల సంచితో వెళితే మ్యూజియంలో అప్పగించే చోట క్యూ, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ క్యూ. పైగా ఆబిడ్స్‌లో బేరాలు తేలేసరికి మధ్యాహ్నం ఒకటి అవుతుంది. 10కి మ్యూజియం తెరవగానే లోపల ఉండండి. నారాయణగూడ నుంచి ఎంజీబీఎస్‌కు రెండు స్టేషన్లు, అక్కడ దిగి మూసీ దాటితే నడక దూరం. 11 గంట చూసి, 12కి జనం గడియారం దగ్గరికి పోయినప్పుడు గీసుకుని, ఒంటిగంటకు బయటపడండి. ఆబిడ్స్ సాయంత్రం దాకా ఉంటుంది.

ఆబిడ్స్_ఆదివారం

అవును, చీకటి పడే యాళ్లకు సర్దుకుంటరు, అప్పుడే బేరం ఇంక మంచిగ తెగుతది. సంచి మాత్రం గట్టిది పట్టుకపోండ్రి.